వంతు సెల్లు

ఆషాఢము ప్రవేశించి పక్షము కావచ్చినను పాలమూరి సీమయందు చినుకు రాలలేదు. పడమటి గాలి మేఘములను మోసికొని వచ్చి ఒక పూట నీడ చూపి మఱల వానిని తూర్పునకు తోలుకొని పోవుచుండెను. దున్నిన చేలు దున్నినట్లే యుండెను. చెరువుల గర్భములు బీటలు వారెను. అట్టి కాలమున జీవాలకు మేత యనునది మిగిలియున్న చోటు కృష్ణానదీగర్భమందలి దిబ్బలు మాత్రమే. వేసవి ముదిరిన కొలదిని నది పాయలై పాయలు మడుగులై మడుగులు గుంటలై తగ్గిపోగా వానిలో నడిమి దిబ్బ యొకటి బండలను ఇసుకను ఒండ్రును కలుపుకొని యొక పల్లె యంత మేర బయటపడి తన యంచులయందు తుంగను గరికను మొలపించి ఒడ్డుననున్న యెండుభూములను వెక్కిరించుచున్నట్లుండెను.

ఆ దిబ్బమీద నైదుగురు కురుమల మంద మేయుచుండెను. గొఱ్ఱె యను మాటను ఆ సీమ కాపరులు తఱచుగా పలుకరు, జీవాలందురు. ఆ యైదుగురికిని సెంటు భూమి లేదు. వారి యిండ్లలో పెండ్లి జరుగవలెనన్నను రోగికి వైద్యము జరుగవలెనన్నను జీవమును అమ్మియే జరుగవలెను. మంద యున్నంతవఱకు వారు కాపరులు. మంద పోయిననాడు వారు పరుల చేలలో కూలివాండ్రు. ఈ భేదమును వారిలో నెవ్వడును నిద్రలో నైనను మఱవడు.

మందకు పెద్ద కుర్మయ్య. అతని తండ్రితాతల కాలమున ఆరుద్రకార్తె ప్రవేశింపకమున్నే మందలు దిబ్బను విడిచి యొడ్డెక్కెడివి. ఇచ్చట మబ్బు లేకున్నను ఎగువ దేశములందు కురిసిన వాన యిచ్చటికి వెల్లువయై వచ్చును. అది యెప్పుడు వచ్చునో చెప్పువాడు లేడు. కావున గడ్డి మిగిలియున్నను వదలి పోవుటయే వారి తెలివి. కుర్మయ్య మాత్రము పునర్వసు వచ్చినను దిగలేదు. అతనికి చెప్పువారు కలరు. ఎగువ ఆనకట్ట తలుపులు ఎత్తుటకు ముందు ఏటియొడ్డు గ్రామములందు మైకుతో చాటింతురు. చాటింపు చెవిని పడిన తోడనే యతని భార్య యీరమ్మ సెల్లు చేయును. సెల్లు మ్రోగిన వెనుక మందను పాయ దాటించుటకు వలసినంత వ్యవధి యుండును. తండ్రులు భయపడి వదలిపోయిన మేతను తాను సెల్లు ధైర్యమున మేపుచున్నానని యతడు గర్వించెడివాడు.

అయితే దిబ్బమీద కరెంటు లేదు. మొదట ఒడ్డుననున్న యొక రైతు మోటారు కొట్టములో చార్జి పెట్టుకొనుచుండిరి. ఆ యొడ్డు మడుగు ఎండిపోగా ఆ రైతు మోటారును విప్పుకొని పోయెను. ఎండతో చార్జి యెక్కించు పలక నొకదానిని సంతలో కొని తెచ్చిరి గాని రెండవనాడే పొట్టేలు దానిపై నెక్కి నిలిచి పగులగొట్టెను. అటుపై చార్జి కావలెనన్న రెండు పాయలు దాటి క్రోసుల కొలది నడువవలెను. నడిచిన దినమున మందయొద్ద నొక మనిషి తక్కువ. ఇదియును గాక సిగ్నలు బలముగా నందని చోట సెల్లు తనంత తాను సిగ్నలును వెదకుకొనుచు ఊరకున్నను చార్జిని తినివేయును. ఈ సంగతిని కుర్మయ్య ఎవ్వరును చెప్పకయే కనిపెట్టి యొక కట్టుబాటు చేసెను.

రాత్రి కాపలాకు వంతు లున్నట్లే సెల్లునకును వంతు లుండవలెననియు ఐదు సెల్లులలో ఆ దినపు వంతు సెల్లు మాత్రమే తెఱచియుండవలెననియు తక్కిన నాలుగింటిని ఆర్పి తన మొలసంచిలో వేయవలెననియు వంతు సెల్లును దిబ్బ శిఖరముననున్న బండమీద సిగ్నలు నిండుగా నందుచోట గొంగడి నీడను ఉంచవలెననియు దానిని వెలుగు తగ్గించి ఉంచవలెనే గాని పాటలకును బొమ్మలకును విప్పరాదనియు ఈరమ్మ మధ్యాహ్నము ఒక్క మాఱు మ్రోగించి పెట్టివేసిన యెడల అంతయు క్షేమమని తెలిసికొని ఎత్తక యూరకుండవలెననియు ఎడతెగక మ్రోగిన యెడల మాత్రమే యెత్తవలెననియు అతడు నియమించెను. వయసు వరుసను వంతులు నడచుటచేత ఏనాడు ఎవ్వని సెల్లు తెఱచియుండునో యీరమ్మకు నోటనే యుండెను. ఒక మాఱు నింపిన చార్జి యీ యుపాయమున కార్తె పొడుగునను నిలుచుచుండెను. ఈ మాట విని అవతలి దిబ్బ కాపరులు వచ్చి కట్టుబాటును నేర్చుకొని పోయిరి. కుర్మయ్య వారికి చెప్పునప్పుడు నిలువబడి చెప్పెను.

ఆ కట్టుబాటును మొదట మీఱినవాడు బక్కన్న. అతడు ఈరమ్మకు తమ్ముడు, నోరున్నవాడు. తన వంతునాడు బండమీద పండుకొని పాటలు చూచి చూచి ప్రొద్దు క్రుంకకమున్నే సెల్లును చల్లార్చెను. కుర్మయ్య వచ్చి చూచి నడుమున చేతులు పెట్టుకొని నిలిచెను.

“ఏంరా బక్కన్నా, చార్జింగు యాడ వాయె?”

“పాటలు ఇంటే జీవాలు గుడ మంచిగ మేస్తయి బావా. నువ్వు గమనించలే.”

“గమనిస్తగాని ఉండు.”

కుర్మయ్య తిట్టలేదు. తన సెల్లును సంచినుండి తీసి తెఱచి బక్కన్న భార్య కిష్టమ్మకు చేసి మాట అందఱికిని వినబడునట్లు స్పీకరు నొక్కెను.

“చెల్లె కిష్టమ్మా! నీ పెనిమిటికి ఈడ గొర్లు కాస్తందుకు పురుసతు లేదు. సెల్లుల ఆడోళ్ల డ్యాన్సులు చూస్తందుకే సరిపోతుంది. తోలియ్యమంటవా ఇంటికి?”

“తోలియ్యకు అన్నా. ఈడ గుడ గడ్డి లేదు.”

కాపరులు పడిపడి నవ్విరి. బక్కన్నయు నవ్వెను. కాని ఆ మాట యక్కడితో నాగలేదు. మఱునాటినుండి ఊరి నల్లాయొద్ద బిందె పెట్టిన ప్రతి స్త్రీయు కిష్టమ్మను డ్యాన్సులాయన పెండ్లామని పిలువ మొదలిడెను. కిష్టమ్మ తరువాత చాల కాలము మగనితో మాటలాడలేదు. అటుపై నెవ్వడును వంతు సెల్లును విప్పి చూడలేదు. ఒక్క మాటతో నలుగురిని దారికి తెచ్చితినని కుర్మయ్య తలచెను. వారు దారికి వచ్చినది నిజము. ఏ దారికి వచ్చిరో యతడు విచారింపలేదు.

తిరుపతయ్య కుర్మయ్యకు మేనల్లుడు. ఇల్లరికము పోయినవాడు. అతడు కాయు జీవాలలో తనవి కొన్ని, అత్తవారివి ఎక్కువ. అతని యత్త నోటికి ఆ యూరున వెఱవనివారు లేరు. ఆ యింట నతడు కూర్చున్నను తప్పు, లేచినను తప్పు. దిబ్బమీద నున్నన్ని దినములే అతనికి సుఖము. బక్కన్న నవ్వులపాలైన సాయంకాలమున అందఱును నవ్వుచుండగా తిరుపతయ్య నవ్వక కుర్మయ్య చేతిలోని సెల్లును చూచుచుండుట కుర్మయ్య కనుల బడెను. పడినను అది యతనికి తలంపుగా మాఱలేదు.

పునర్వసు సగము నడచిన యొక దినమున తిరుపతయ్య వంతు వచ్చెను. ఆనాడు మధ్యాహ్నము కుర్మయ్య నీటికై మడుగునకు దిగెను. నిన్న అడుగున గులకరాళ్ళు కనబడిన నీరు నేడు కలకబాఱి యుండెను. గట్టు వెంబడి నురుగు గీతవలె ప్రాకుచుండెను; అందు పుల్లలు చిక్కియుండెను. గులకనేలలో గ్రుడ్లు పెట్టుకొన్న తీతువులు నేల వ్రాలక పైనే తిరుగుచు అఱచుచుండెను. తీతువు లేచిన చోట కాపరి కూర్చుండరాదని తండ్రి చెప్పిన మాట యతనికి జ్ఞప్తికి వచ్చెను. మంద ముందు నడచు పొట్టేలు పల్లమునకు దిగక మోర యెత్తి నిలిచియుండెను. ఇన్ని గుఱుతులు ఒక్కమాఱుగా కనబడిన యెడల అతని తండ్రి బువ్వకుండను సయితము విడిచి మందను ఒడ్డెక్కించియుండెడివాడు.

కుర్మయ్య మందను ఒడ్డెక్కింపలేదు. దిబ్బ శిఖరముననున్న బండయొద్దకు పోయెను. తిరుపతయ్య బండనీడను కూర్చుండి యుండెను. సెల్లు తువ్వాలలో చుట్టబడి యతని మోకాలియొద్ద నుండెను. బక్కన్నయు నచ్చటనే రొట్టె తినుచుండెను.

“అల్లుడా, మీ ఈరమ్మత్త మిస్సుడు కాలు ఒచ్చిందా?”

“ఒచ్చింది మామా.”

“ఎన్నిమాట్ల మోగింది?”

“ఒక్కమాటే. అంత మంచిదే.”

“నీళ్ల రంగు మారింది రా.”

“పైన బర్లు దిగినయో ఏమో మామా.”

“తీతువులు గుడ లేసినయి.”

బక్కన్న నోటిలోని రొట్టె మ్రింగి యందుకొనెను. “సెల్లు మంచిదే అంటుంటె పిట్టనడుగుతవేంది బావా? అగో, ఆ దిబ్బోళ్లకు నువ్వే జెప్తివి గద, పిట్టల కాలం పోయింది, సిగ్నలు కాలమొచ్చింది అని.”

కుర్మయ్య నవ్వెను. ఆ మాట తనదే. తన మాటను ఒకడు జ్ఞాపకముంచుకొని మఱల చెప్పుట అతనికి సంతోషమే కలిగించెను. పై యంచుల మేత తఱిగిపోయెను. దిగువ పల్లమున తుంగ మోకాలి యెత్తున మిగిలియుండెను. అతడు బండ దిగి యీలవేసి పొట్టేలును మెడ పట్టి పల్లమునకు దింపెను. పొట్టేలు దిగగా మంద దిగెను.

వెల్లువ గోడవలె వచ్చునని చూడనివారు చెప్పుదురు. అది యట్లు రాలేదు. ఆకాశమున మేఘము లేదు; ఎండ కాయుచునే యుండెను. మొదట గుంటలు ఒండొంటితో కలిసెను. పిమ్మట దిబ్బకును పల్లమునకును నడుమనున్న కాలువ నిండెను. ఉదయమున చీలమండ తడియని యా కాలువ, బండవైపు మఱలి నడచుచున్న కుర్మయ్య వెనుదిరిగి చూచునప్పటికి తొడలోతాయెను. అతడు కేక వేయునప్పటికి నడుములోతాయెను. జీవాల స్వభావము ముందుదానిని అనుసరించుట. పొట్టేలు తాను దిగిన దారినే బండ చేరుకొన దలచి కాలువలో దుమికెను. దాని వెనుక మంద దుమికెను. ఉన్ని కత్తిరించు కాలము ఇంకను రాకుండుటచేత ప్రతి జీవము మేనను బెత్తెడు ఉన్ని యుండెను. ఉన్ని నీరు త్రాగెను. త్రాగిన బరువునకు మొదట వెనుకకాళ్ళు మునిగెను. తరువాత మోరలు మునిగెను. కుర్మయ్య కేకలు వేసిన కొలదిని అతని గొంతు నెఱిగిన జీవాలు అతనివైపునకే వచ్చుచు అతని కన్నులయెదుటనే కొట్టుకొని పోయెను. అతడు కేకలు మానెను.

తిరుపతయ్య గొంతులోతు నీటిలో నిలిచి చేతికందిన గొఱ్ఱెపిల్లలను బండమీదికి విసరుచుండెను. బక్కన్నయు తక్కిన యిద్దఱును పైనుండి పట్టుకొనుచుండిరి. ఊరివైపు ఒడ్డున మోటారుబండిమీద వచ్చిన మనిషి యొకడు ఎఱ్ఱ తువ్వాలను ఊపుచు నోరు తెఱచి మూయుచుండెను. ఈరమ్మ పంపినవాడని తరువాత తెలిసెను. అతని కేకలలో ఒక్కటియు నీటి మ్రోతను దాటి రాలేదు.

ప్రొద్దు వాలునప్పటికి పల్లము లేదు. దిబ్బలో బండ మిగిలెను. బండమీద ఐదుగురు మనుష్యులును మందలో నాలవపాలును మిగిలెను. మిగిలినవానిలో నెక్కువ పిల్లలే. తల్లుల కొఱకు అవి యఱచుచుండగా వినలేక బక్కన్న చెవులు మూసికొనెను.

కుర్మయ్య మొలసంచి విప్పెను. నాలుగు సెల్లులు మైనపు కాగితములో తడియక యుండెను. ఒక్కొక్కటిగా తెఱచి ఎవరిది వారికిచ్చెను. నాలుగింటను చార్జి నిండుగా నుండెను. సిగ్నలు అందిన తోడనే నాలుగును టింగు టింగున మ్రోగ మొదలిడెను. ఈరమ్మ చేసి యందక పోయిన కాలుల వార్తలు ఒకదానివెంట నొకటిగా దిగుచుండెను. మొదట తిరుపతయ్య సెల్లునకు చేసి యది యందక పోగా కుర్మయ్యకు చేసెను. అతనికి అందక బక్కన్నకు చేసెను. మఱల మొదటినుండి చేసెను. మొదటి కాలు ప్రొద్దుటిది. బక్కన్న చేతిలోని సెల్లు మ్రోగుట మాని మఱల మ్రోగుచుండగా అతడు దానిని తేలును పట్టినట్లు దూరముగా పట్టుకొని యుండెను.

కుర్మయ్య తిరుపతయ్యవైపు తిరిగెను. తిరుపతయ్య అడుగకమున్నే తువ్వాల విప్పి తన సెల్లును ముందుంచెను. దాని వెనుకరేకు పైకి లేచియుండెను. లోపలి బ్యాటరీ రొట్టెవలె ఉబ్బియుండెను.

“ఇదెప్పటిసంది?”

“పోయిన వంతప్పటిసంది మామా. చార్జింగు నిల్వదు. నింపి ఆపినా గుడ తెల్లారెవరకు సచ్చిపోతది.”

“పాటలు జూసినవా?”

“లేదు మామా. నా కండ్లతోడు. ఉబ్బింది అంతే.”

“మరి చెప్పకపోతివేందిరా? ఉబ్బిందంటే ఉబ్బింది అందుం గద. ఇంకొకంది తెరుద్దుం గద.”

చలికి తిరుపతయ్య దవడలు కొట్టుకొనుచుండెను.

“నువ్వు ఫోన్ జేస్తవని. బక్కన్నోళ్ల ఇంటికి జేసినట్టు. నాది ఆడ ఇల్లరికం గద మామా.”

“మిస్సుడు కాలు ఒచ్చిందంటివి.”

“రోజు ఒచ్చేదే గద. ఇయ్యాల గుడ ఒచ్చే ఉంటది అనుకున్న.”

కుర్మయ్య చేయి యెత్తెను. ఎత్తిన చేయి దిగలేదు. కొట్టవలసిన చెంపను అతడు వెదకి చూచెను గాని అది తిరుపతయ్య మొగమున నున్నట్లు అతనికి తోచలేదు. నాలుగింటిని ఆర్పి మొలను కట్టుకొన్నవాడు తాను. ఉబ్బిన బ్యాటరీని చెప్పుటకు ఒక మనిషి వెఱచునట్లు చేసినవాడు తాను. తీతువును చూచినవాడు తాను. రెండవ సెల్లొకటి తెఱచియున్న యెడల మంద యీపాటికి ఒడ్డున నెమరు వేయుచుండెడిది. ఈ నాలుగు మాటలును అతని మనస్సున వరుసగా వచ్చి నిలిచెను. అతడు చేయి దించెను.

అంతలో అతని చేతిలోని సెల్లు ఎడతెగక మ్రోగెను. తడిసిన వ్రేలితో నెత్తి అలవాటుచొప్పున స్పీకరు నొక్కెను.

“ఉన్నవా?” ఈరమ్మ గొంతు రాసికొనిపోయి యుండెను. “మనుషులంత ఉన్నరా?”

“ఉన్నం.”

“బక్కన్న?”

“ఉన్నడు. అందరున్నం.”

“జీవాలు?”

కుర్మయ్య బండమీది జీవాల పిల్లలను చూచెను. అవతల ఈరమ్మ చుట్టును ఊరి స్త్రీలు గుమిగూడి యున్నట్లు తెలియుచుండెను. ఒకతె యేడ్చుచుండెను. ఒకతె ఊరకుండుమని ఆమెను గద్దించుచుండెను.

“పొద్దుగాల మైకు చెప్పినప్పటిసంది చేస్తనే ఉన్న,” అనెను ఈరమ్మ. “ఒక్కంది గుడ కలవలే. ఇయ్యాల తిరుపతయ్య వంతే గద? లేకుంటె మార్చినవా? ఎవ్వని సెల్లు బందు వెట్టినరు? అడుగుతున్నరు ఈడ. చెప్పు.”

బండమీద ముగ్గురు కుర్మయ్యను చూచుచుండిరి. తిరుపతయ్య మాత్రము చూచుట లేదు. అతడు వడకుచున్న పిల్ల నొకదానిని తువ్వాలతో తుడుచుచుండెను. అది యెవరి పిల్లయో గుఱుతు రంగు నీటిలో కరగిపోవుటచే తెలియకుండెను.

చెప్పవలసినది కుర్మయ్యకు తెలియును. నోరు తెఱచినప్పుడును ఆ మాటయే నాలుకమీద నుండెను. కాని అవతల నున్నది ఒక్క యీరమ్మ కాదు. ఊరున్నది. మందపెద్ద యను పేరును ఆ పేరుతో ముప్పదియేండ్లు త్రాగిన నీరును ఉన్నవి. రేపు ఒడ్డెక్కి ఆ నలుగురి యిండ్ల ముందును నడువవలెను.

“మార్చలే. తిరుపతయ్య వంతే,” అనెను. “వాని సెల్లే సచ్చింది. చెప్పక దాసిండు.”

అందులో అబద్ధము లేదు. అవతలనుండి తిరుపతయ్య యత్త గొంతు లేచెను. ఆమె అన్న మాటలు వ్రాయదగినవి కావు. అవి స్పీకరునుండి వెడలి బండమీద వ్యాపించుచుండగా తిరుపతయ్య తుడుచుట మానలేదు. కుర్మయ్య సెల్లును ఆర్పలేదు. ఆర్పవలెనని అతనికి తోచలేదు.

బక్కన్న లేచి వచ్చి యతనియెదుట నిలిచెను.

“ఇగ ఆపు బావా. చార్జింగు దండుగైతది.”

ఎవ్వడును నవ్వలేదు. కుర్మయ్య వ్రేలితో వెదకి సెల్లు నార్పెను.

మఱునాడు బెస్తలు పుట్టి వేసికొని వచ్చి వారిని దాటించిరి. ఈవలి యొడ్డున ఊరు ఊరంతయు నిలిచియుండెను. తిరుపతయ్య మొదటి పుట్టి యెక్కలేదు, రెండవదియు నెక్కలేదు. పిల్లల నన్నిటిని దాటించిన పిదప బెస్తవానిని బతిమాలి అవతలి యొడ్డున దిగి నడచి పోయెను. ఏ పట్టణమున ఏ పనిలో నున్నాడో యెఱిగినవారు లేరు. అతని భార్య బిడ్డతో తల్లియింటనే యున్నది. తక్కినవారిలో ముగ్గురు కూలికి పోవుచున్నారు. కుర్మయ్య మిగిలిన పిల్లలతో మంద కట్టెను.

భయము కాపలా యున్న చోట ఆజ్ఞ నెగ్గును; వార్త మాత్రము నెగ్గదు. ఈ సత్యమును ఆ యేటియొడ్డున నెవ్వడును నేర్వలేదు. నేర్చినది వేఱొకటి. వంతు కట్టుబాటు దిబ్బదిబ్బకును ప్రాకెను. దానివలన చార్జి నిలుచుననుటలో అబద్ధము లేదు. దానిని కనిపెట్టినవాడని కుర్మయ్యను నేటికిని గౌరవముతో పేర్కొందురు. సెల్లు చల్లారిపోయి పలుకకున్నప్పుడు ఆ సీమ కాపరులు ‘తిరుపతయ్య అయ్యింది’ అందురు. తిరుపతయ్యను చూచి యెఱుగనివారును అందురు. ఆ మాట తన చెవిని బడినప్పుడు కుర్మయ్య నవ్వడు. దిద్దడు.